లైసెన్స్ ఒకరిది, గొంతు ఇంకొకరిది: చిన్న ఏఎం స్టేషన్ చేతులు మారితే అసలు అమ్ముడయ్యేది ఏమిటి?

అమెరికా రాజధాని వాషింగ్టన్‌కు వాయవ్యంగా, వర్జీనియా రాష్ట్రంలో లీస్‌బర్గ్ అనే ఊరుంది. 1958 నుంచి ఆ ఊరికి సొంత రేడియో ఉండేది. కాల్ సైన్, అంటే స్టేషన్‌ను గుర్తించే అక్షరాలు, డబ్ల్యూఏజీఈ. అక్కడి చిన్న ఊళ్ళ ఏఎం స్టేషన్లు చేసే పనే అదీ చేసేది: కౌంటీ కబుర్లు, హైస్కూల్ ఆటలు, ఊళ్ళో దుకాణాల ప్రకటనలు. ఆ ప్రకటనల మీద నెట్టుకురావడం కష్టమై 2009 ఆగస్టులో మూతపడింది. అప్పటికి అలా ఆగిపోతున్న స్టేషన్లు చాలానే ఉన్నాయి కాబట్టి బయటివాళ్ళెవరూ పెద్దగా పట్టించుకోలేదు.

తర్వాత జరిగిందే అంతుపట్టనిది. 2011లో అదే లైసెన్స్ మీద, 1190 కిలోహెర్ట్జ్ దగ్గర, 50,000 వాట్ల స్టేషన్ మొదలైంది. అమెరికాలో ఏఎం స్టేషన్‌కు ఇచ్చే గరిష్ఠ శక్తి అదే. ఊరి ప్రకటనలతో నిలవలేకపోయిన స్టేషన్‌కు రాజధాని దాకా వినిపించేంత ట్రాన్స్‌మిటర్ ఎవరు పెట్టించారు? వ్యాపార ప్రకటనలు దాదాపు వినపడని చోట ఖర్చులు ఎలా గడుస్తున్నాయి? కొత్త కాల్ సైన్ డబ్ల్యూసీఆర్‌డబ్ల్యూ. ఆ చివరి మూడు అక్షరాలకు విస్తరణ ‘చైనా రేడియో వాషింగ్టన్’. అంటే జవాబు పేరులోనే ఉంది. దాన్ని కాగితాల్లో పట్టుకోవడానికి మాత్రం నాలుగేళ్ళు పట్టింది.

2015 నవంబరులో రాయిటర్స్ వార్తాసంస్థ ఈ గుట్టు విప్పింది. లైసెన్స్ ఓ అమెరికన్ కంపెనీ చేతిలోనే ఉంది. ఆ కంపెనీ దగ్గర దాదాపు ప్రసార సమయమంతా తీసుకున్నది లాస్ ఏంజెలిస్‌కు చెందిన జీ అండ్ ఈ స్టూడియో. అందులో 60 శాతం వాటా బీజింగ్‌లోని ఒక మీడియా కంపెనీది. ఆ కంపెనీ మొత్తంగా చైనా ప్రభుత్వ ప్రసారసంస్థ చైనా రేడియో ఇంటర్నేషనల్‌ది. ఇలాంటి అంచెల ద్వారా ఆ సంస్థ సరుకును ప్రధానంగా వినిపిస్తున్న స్టేషన్లు 14 దేశాల్లో కనీసం 33 ఉన్నాయని రాయిటర్స్ లెక్కతేల్చింది. ఆ ఏడాది ఆగస్టులో దక్షిణ చైనా సముద్రంలోని కృత్రిమ దీవుల మీద పది దేశాల విదేశాంగ మంత్రులు చైనాను తప్పుపట్టినప్పుడు, ఈ స్టేషన్ ఆ దీవుల ఊసే ఎత్తకుండా వార్త ముగించింది.

ఇక్కడ చాలామంది వేసే ప్రశ్న “స్టేషన్‌ను రహస్యంగా ఎవరు కొన్నారు?” అని. ఆ ప్రశ్నే పక్కదారి పట్టిస్తుంది. చైనా ఆ స్టేషన్‌ను కొనలేదు, కొనాల్సిన అవసరమూ రాలేదు. చిన్న ఏఎం స్టేషన్ అమ్మకం ఏదైనా వింతగా కనిపిస్తే, కొన్నది ఎవరని అడిగే ముందు కొన్నది దేన్ని అని అడగాలి. ఎందుకంటే స్టేషన్ ఒక్క వస్తువు కాదు. లైసెన్స్, టవర్ నిలబడ్డ నేల, దానికి తగిలించిన ఎఫ్ఎం ప్రసారం, రోజుకు 24 గంటల సమయం, ఇవన్నీ విడివిడి సొత్తులు. ఒక్కోదానికి ఒక్కో ధర, ఒక్కో గిరాకీ, చాలాసార్లు ఒక్కో యజమాని.

తెలుగు పాఠకుడికి ఈ వ్యవహారం మొదట్లో కొత్తగానే ఉంటుంది. మనం మీడియం వేవ్ అని పిలిచే ఏఎం మన దేశంలో పూర్తిగా ఆకాశవాణిదే. విజయవాడ కేంద్రాన్నో హైదరాబాద్ కేంద్రాన్నో ఎవరైనా కొనడం అనే మాటే రాదు. ప్రైవేటు వాళ్ళకు తలుపు తెరిచింది ఎఫ్ఎంలో మాత్రమే, అదీ 2000 ప్రాంతంలో వేలం పాటలతో, సొంత వార్తలు చెప్పకూడదన్న షరతుతో. అమెరికాలో మొదటి నుంచీ లెక్క వేరు. అక్కడి ఏఎం స్టేషన్లు సుమారు 4,400. వాటిలో అత్యధికం ప్రైవేటు చేతుల్లోనివి. కొనుక్కోవచ్చు, అమ్ముకోవచ్చు, వారసులకు ఇవ్వొచ్చు. షరతు ఒక్కటే: ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషన్, అంటే ఎఫ్‌సీసీ, ముందుగా ఒప్పుకోవాలి.

1934 నాటి కమ్యూనికేషన్స్ చట్టం ప్రకారం తరంగాలు ఎవరి సొత్తూ కావు. లైసెన్స్ అంటే ఫలానా ఫ్రీక్వెన్సీని, ఫలానా శక్తితో, ఫలానా చోటు నుంచి వాడుకోవడానికి ఎనిమిదేళ్ళ అనుమతి. ఆస్తి కాదు కాబట్టి దాన్ని బ్యాంకులో తాకట్టు పెట్టడం కుదరదు. అమ్మినవాడు “బాకీ తీర్చకపోతే లైసెన్స్ మళ్ళీ నాదే” అని రాయించుకోవడానికీ వీల్లేదు. ఈ రెండు నిషేధాల వల్లే కాగితాల్లో వింతలు పుడతాయి. చిన్న స్టేషన్ కొనేవాడికి బ్యాంకులు సాధారణంగా అప్పివ్వవు, అందుకని అమ్మేవాడే వాయిదాల మీద ఇస్తాడు. లైసెన్స్ తాకట్టు కుదరదు కాబట్టి కంపెనీ వాటాలను తాకట్టు పెట్టించుకుంటాడు. కొన్నవాడు మధ్యలో చేతులెత్తేస్తే పాత యజమాని మళ్ళీ ఓ దరఖాస్తు పెట్టుకుని కొత్త కొనుగోలుదారుడిలా తిరిగొస్తాడు. నాలుగేళ్ళలో ఒకే స్టేషన్ రెండుసార్లు అమ్ముడై చివరికి మొదటివాడి దగ్గరే తేలిందంటే అందులో కుట్ర కన్నా మొండిబాకీ ఉండే అవకాశమే ఎక్కువ.

ఇక ఏఎంకు గిరాకీ ఎందుకు పోయిందో చెప్పుకోవడానికి ఎక్కువ మాటలు అక్కర్లేదు. సంగీతం 1970ల నుంచే ఎఫ్ఎంకు వెళ్ళిపోయింది. ఇళ్ళలో ఎల్‌ఈడీ దీపాలు, ఛార్జర్లు చేసే రొదలో బలహీనమైన సిగ్నల్ మునిగిపోతుంది. చాలా చిన్న స్టేషన్లు సూర్యాస్తమయం కాగానే శక్తి తగ్గించుకోవాలి, కొన్ని పూర్తిగా ఆగిపోవాలి. చీకటి పడ్డాక ఏఎం తరంగాలు పై వాతావరణంలో పరావర్తనం చెంది వందల మైళ్ళ అవతలి స్టేషన్ల మీద పడతాయి కాబట్టి ఆ నిబంధన. చలికాలంలో జనం కార్లలో ఇళ్ళకు తిరిగే వేళకే సిగ్నల్ ఉండదు. ఈ మధ్య టెస్లా లాంటి కంపెనీలు విద్యుత్ కార్లలో ఏఎం రేడియోనే తీసేశాయి. ఫోర్డ్ కూడా తీసేస్తానని చెప్పి, విమర్శలొచ్చాక 2023లో వెనక్కి తగ్గింది.

ఇంత దిగజారిన సరుకుకు కూడా ఒక్కోసారి పెద్ద సొమ్ము చేతులు మారుతుంది. కారణం కాళ్ళ కింద ఉంటుంది.

ఎఫ్ఎం ఆంటెనాను ఏ ఎత్తయిన భవనం మీదో బిగించవచ్చు. ఏఎంలో టవరే ఆంటెనా. 1000 కిలోహెర్ట్జ్ దగ్గర తరంగం పొడవు 300 మీటర్లు, అందులో పావు వంతు ఎత్తుండే టవర్ మామూలు కొలత. దాని చుట్టూ నేలలో రాగి తీగలు పాతాలి, సాధారణంగా 120, చక్రం ఆకుల్లా అన్ని దిక్కులకూ. సిగ్నల్‌ను ఒక వైపుకు మళ్ళించాలంటే రెండు, మూడు, ఒక్కోసారి ఆరేడు టవర్లు కావాలి. అంటే ఎకరాల కొద్దీ ఖాళీ నేల. చిత్తడి నేలైతే ఇంకా మంచిది. 1930లు, 40లలో ఊరి బయట కారుచౌకగా కొన్న ఆ నేలలు ఇప్పుడు నగరాల నడిమధ్యకు వచ్చేశాయి.

న్యూయార్క్‌లోని 1560 కిలోహెర్ట్జ్ స్టేషన్ లెక్క చూస్తే చాలు. న్యూయార్క్ టైమ్స్ చేతిలో ఉన్న దాన్ని డిస్నీ కంపెనీ పిల్లల రేడియో కోసం మొదట అద్దెకు తీసుకుంది, 2007లో 4 కోట్ల డాలర్లకు కొనేసింది. ఎనిమిదేళ్ళు తిరిగేసరికి ఫ్యామిలీ స్టేషన్స్ అనే క్రైస్తవ ప్రసారసంస్థకు 1 కోటి 29 లక్షల 50 వేల డాలర్లకు అమ్మేసింది. మూడింట రెండు వంతుల విలువ ఆవిరి. ఆ తర్వాత ఫ్యామిలీ స్టేషన్స్ క్వీన్స్‌లోని మాస్పెత్‌లో టవర్లున్న నేలను గోదాముల కంపెనీ ప్రొలాజిస్‌కు ఇచ్చింది. ధర 5 కోట్ల 10 లక్షల డాలర్లు! 2021 ఫిబ్రవరిలో ప్రసారం ఆగింది, కొన్ని నెలలకు న్యూజెర్సీలోని మరో చోటు నుంచి చాలా తక్కువ శక్తితో మళ్ళీ మొదలైంది. లైసెన్స్ బతికే ఉంది, స్టేషన్‌ను స్టేషన్ చేసిన నేల మాత్రం పోయింది. ఇదంతా రేడియో వ్యాపారం అనుకుని చూస్తే అర్థం కాదు, స్థిరాస్తి వ్యాపారం అనుకుంటే వెంటనే అర్థమవుతుంది.

కొన్నిచోట్ల అసలు సరుకు టవరూ కాదు, నేలా కాదు. ఏఎం కార్యక్రమాలను ఎఫ్ఎం ట్రాన్స్‌లేటర్ అనే చిన్న ప్రసారిణి మీద కూడా వినిపించుకోవచ్చని ఎఫ్‌సీసీ 2009లో అనుమతించింది. దాని శక్తి 250 వాట్లకు మించదు. అయినా చిన్న పట్టణానికి అది చాలు, శబ్దమూ శుభ్రంగా ఉంటుంది. 2015 తర్వాత ఏఎంను నిలబెట్టే చర్యల పేరుతో తలుపు ఇంకా తెరిచారు. 2016లో ఏఎం యజమానులు 250 మైళ్ళ దూరంలోని ట్రాన్స్‌లేటర్‌ను కూడా కొని తమ ఊరికి తెచ్చుకోనిచ్చారు, దాన్ని నాలుగేళ్ళపాటు ఆ ఏఎంకే వాడాలన్న షరతుతో. 2017, 18లలో కొత్తవి మంజూరు చేశారు. ఈ కొత్తవాటిని మాతృ ఏఎం నుంచి విడదీసి అమ్మడానికి వీల్లేదు.

దాంతో వ్యవహారం తలకిందులైంది. జనం వినేది ఎఫ్ఎం. కానీ చట్టం దృష్టిలో అది ఏఎంకు నీడ మాత్రమే. ఏఎం ఆగితే ఎఫ్ఎం కూడా ఆగాలి. 2024 ఫిబ్రవరిలో అలబామా రాష్ట్రంలోని జాస్పర్‌లో డబ్ల్యూజేఎల్ఎక్స్ అనే స్టేషన్ తమ 200 అడుగుల టవర్‌ను దొంగలు ఎత్తుకుపోయారని ప్రకటించింది. అంత టవర్‌ను ఎవరూ చూడకుండా ఎలా మోసుకెళ్ళారన్నది వేరే కథ. ఏఎం లేకుండా ఎఫ్ఎం ఒక్కటే నడపనివ్వండని అడిగితే ఎఫ్‌సీసీ కుదరదంది. ఎవరూ వినని ఏఎంను, కొనేవాడికి కూడా అక్కర్లేని ఏఎంను, డబ్బు పోసి కొని నష్టానికి నడుపుతుండటానికి ఇదొక ముఖ్య కారణం. ధర ఎఫ్ఎంకు, పత్రం ఏఎం పేరు మీద.

నడపడం అన్న మాటను కూడా కాస్త అనుమానంగానే చూడాలి. 1996 నాటి సవరణ ప్రకారం స్టేషన్ వరుసగా 12 నెలలు మౌనంగా ఉంటే లైసెన్స్ దానంతటదే రద్దవుతుంది. ప్రత్యేక కారణాలుంటే కమిషన్ కనికరించవచ్చు. ఆచరణలో ఏం జరుగుతుందంటే, పదకొండో నెల చివర ఏదో ఒక తాత్కాలిక తీగ కట్టి, కొద్దిపాటి శక్తితో కొన్ని రోజులు ఏవో పాటలు వేసి మళ్ళీ ఆపేస్తారు. అలా మిణుకుమనే స్టేషన్లకు ఎఫ్‌సీసీ ఎనిమిదేళ్ళకు బదులు తక్కువ కాలానికి లైసెన్స్ ఇచ్చి హెచ్చరించిన సందర్భాలున్నాయి. కొనేవాడు ఇంకా దొరకని లైసెన్స్‌ను ప్రాణాలతో ఉంచడమే అక్కడ జరుగుతున్న పని.

లీస్‌బర్గ్ కథలో అమ్ముడైంది నాలుగో సొత్తు: గంటలు. లైసెన్స్ ఉన్నవాడు ప్రసార సమయాన్ని టోకున మరొకరికి ఇచ్చే ఒప్పందాన్ని అక్కడ టైమ్ బ్రోకరేజ్ అంటారు. మన ఊళ్ళలో పట్టా ఒకరి పేరున ఉండి సాగు కౌలుదారు చేసే ఏర్పాటు లాంటిదే ఇది. పాస్‌బుక్ తిరగేస్తే పట్టాదారు పేరే కనిపిస్తుంది, పొలంలో ఏ పంట ఉందో, ఎవరు వేశారో కనిపించదు.

ఇందులో స్వతహాగా తప్పేమీ లేదు. పెద్ద కంపెనీలకు అక్కర్లేని చిన్న సమాజాలు అమెరికా రేడియోలో వినిపించడానికి ఈ కౌలు గంటలే దారి. కొరియన్, వియత్నామీ, స్పానిష్, పంజాబీ, హిందీ కార్యక్రమాలు వచ్చింది ఎక్కువగా ఇలాంటి ఏఎంల మీదే. శాన్‌హోసేలో 1170 కిలోహెర్ట్జ్ స్టేషన్ 2009 నుంచి దేశీ రేడియోగా నడిచింది. ప్రవాస తెలుగువాళ్ళ వారాంతపు కార్యక్రమాలకూ కొన్ని నగరాల్లో ఇంటర్నెట్‌కు ముందు ఇదే ఆధారం. స్టూడియోలో మైకు ముందున్నవాళ్ళకు స్టేషన్‌లో కాసు వాటా ఉండదు. గంటకింత అని కట్టి, స్థానిక బట్టల కొట్టు దగ్గరో రెస్టారెంట్ దగ్గరో ప్రకటనలు తెచ్చుకుని ఆ సొమ్ము రాబట్టుకుంటారు. దివాలా అంచున ఉన్న యజమానికి అంతకన్నా నమ్మకమైన రాబడి ఉండదు. జీతాలు లేవు, అమ్మకాల సిబ్బంది లేరు. పైగా ఊళ్ళో స్టూడియో తప్పనిసరి అన్న నిబంధనను 2017లో ఎత్తేశారు.

చిక్కంతా చట్టం ఏం అడుగుతుంది, ఏం అడగదు అన్న దగ్గర ఉంది. విదేశీ ప్రభుత్వానికి గానీ దాని ప్రతినిధికి గానీ లైసెన్స్ ఇవ్వకూడదని చట్టం స్పష్టంగా చెబుతుంది. విదేశీయుల వాటా నేరుగా అయితే 20 శాతం, మాతృసంస్థ ద్వారా అయితే 25 శాతం అన్న హద్దులున్నాయి. రెండోదాన్ని కమిషన్ సడలించవచ్చు. 2017లో ఆస్ట్రేలియా దంపతుల కంపెనీకి నూటికి నూరు శాతం అనుమతి ఇచ్చారు కూడా. చూడండి, ఇవన్నీ లైసెన్స్ ఎవరి చేతిలో ఉందన్న దాని గురించే. గంటలు ఎవరు కొన్నారన్న దాని మీద ఇలాంటి హద్దేమీ లేదు. అదుపు ఎవరిదని తేల్చడానికి ఎఫ్‌సీసీ కార్యక్రమాలు, సిబ్బంది, డబ్బు ఈ మూడింటి మీద ఆఖరి మాట ఎవరిదని చూస్తుంది. కానీ “కావాలంటే ఏ కార్యక్రమాన్నయినా నేను ఆపగలను” అని ఒప్పందంలో ఒక్క వాక్యం రాసుకుంటే సాధారణంగా ఆ పరీక్ష గట్టెక్కినట్టే. ఆ హక్కును యజమాని ఎన్నడైనా వాడాడా అని అడిగేవాళ్ళు అరుదు.

రాయిటర్స్ కథనం వచ్చాక ఎఫ్‌సీసీ, న్యాయశాఖ పరిశీలిస్తామన్నాయి. ఇంతలోనే రష్యా కూడా అదే తలుపు దగ్గరికి వచ్చింది. 2017 చివరి నుంచి వాషింగ్టన్ శివారులోని 1390 కిలోహెర్ట్జ్ స్టేషన్ మీద స్పుత్నిక్ రేడియో రోజంతా మోగింది. స్టేషన్ యజమాని ఒకరు. గంటలు కొన్నది ఫ్లోరిడాకు చెందిన ఆర్ఎం బ్రాడ్‌కాస్టింగ్. అది వాటిని రష్యా ప్రభుత్వ సంస్థ రొస్సియా సెవోద్నియాకు తిరిగి అమ్మింది. విదేశీ ప్రతినిధిగా నమోదు చేసుకోమని న్యాయశాఖ అంటే, నేను గంటలు కొని అమ్మే వ్యాపారిని మాత్రమేనని ఆ కంపెనీ కోర్టుకెక్కింది. 2019 మేలో ఫ్లోరిడా ఫెడరల్ కోర్టు ఆ వాదన చెల్లదంది. 2020 జనవరిలో మిసోరీలో కాన్సస్ సిటీ పక్కనున్న లిబర్టీ అనే చిన్న ఊరి స్టేషన్ కేసీఎక్స్ఎల్ కూడా రోజుకు ఆరు గంటలు స్పుత్నిక్‌కు ఇచ్చింది. పొద్దున మూడు గంటలు, సాయంత్రం మూడు గంటలు సాగే ఆ కబుర్లు కాన్సస్ సిటీ జనాన్ని ఏ మేరకు మార్చేశాయో గానీ, ఆ స్టేషన్‌కు మాత్రం అది నెలనెలా వచ్చే అద్దె.

కాగితాల్లో లేని పేరును ఎఫ్‌సీసీ పట్టుకుని నిలదీసిన సందర్భం ఒకటుంది. మెక్సికోలోని రొసారితో నుంచి దక్షిణ కాలిఫోర్నియా అంతటా వినిపించే ఎక్స్ఈడబ్ల్యూడబ్ల్యూ, 690 కిలోహెర్ట్జ్. 2018లో దాన్ని న్యూయార్క్‌కు చెందిన హెచ్ అండ్ హెచ్ గ్రూప్ చేపట్టి, స్పానిష్ ఆపి మాండరిన్ మొదలుపెట్టింది. కార్యక్రమాలు తయారయ్యేది హాంకాంగ్‌కు చెందిన చైనీస్ టీవీ సంస్థ ఫీనిక్స్ టీవీకి కాలిఫోర్నియాలో ఉన్న అనుబంధ సంస్థ స్టూడియోలో. సరిహద్దు అవతలి స్టేషన్‌కు అమెరికా నుంచి కార్యక్రమాలు పంపాలంటే ఎఫ్‌సీసీ అనుమతి ఉండాలి. స్టూడియో నడిపేవాళ్ళు దరఖాస్తులో ఎందుకు లేరని 2020 జూన్‌లో కమిషన్ అడిగింది, ఆ ఒక్క కారణం మీదే దరఖాస్తును కొట్టేసి 48 గంటల్లో ప్రసారం ఆపమంది. ఆ విషయాన్ని కమిషన్ తనంతట తాను కనిపెట్టలేదు. పోటీగా ఉన్న మరో చైనీస్ ప్రసారసంస్థ ఫిర్యాదు చేస్తే బయటపడింది. అమెరికాలో స్టేషన్ల అమ్మకానికి 30 రోజుల అభ్యంతర గడువు ఇస్తారు, ఒప్పందమూ యాజమాన్య పత్రాలూ ఎవరైనా ఆన్‌లైన్‌లో చూసుకోవచ్చు. అయితే మూతపడబోయే ఊరి స్టేషన్ కాగితాలను ఓపికగా చదివే పోటీదారు ఎక్కడుంటాడు?

2021 ఏప్రిల్‌లో ఎఫ్‌సీసీ గంటల కౌలు మీద ఓ నిబంధన తెచ్చింది. విదేశీ ప్రభుత్వం కొన్న సమయమైతే ఆ సంగతి కార్యక్రమం మొదట్లో, చివర్లో, గంటకు మించి నడిస్తే గంటకోసారి శ్రోతకు చెప్పాలి. కౌలుదారు చెప్పింది నిజమో కాదో ప్రభుత్వ జాబితాల్లో వెతికి నిర్ధారించుకునే బాధ్యతను కూడా స్టేషన్ల మీద పెట్టింది. ఆ భాగం కమిషన్ అధికారానికి మించిందని 2022 జులైలో వాషింగ్టన్ అప్పీళ్ళ కోర్టు కొట్టేసింది. 2024లో నిబంధనను సవరించి మళ్ళీ తెచ్చారు.

అదే ఏడాది సెప్టెంబరులో అమెరికా ప్రభుత్వం రొస్సియా సెవోద్నియా మీద ఆంక్షలు పెట్టింది, అక్టోబరులో స్పుత్నిక్ అమెరికా రేడియో ప్రసారాలు ఆగిపోయాయి. వాషింగ్టన్‌లోనూ కాన్సస్ సిటీ దగ్గరా ఆ రెండు స్టేషన్ల లైసెన్సులు ఎవరి పేరున ఉన్నాయో వాళ్ళ పేరునే ఉన్నాయి. ఖాళీ అయింది గంటలే, వాటికి ఇంకో కౌలుదారును వెతుక్కోవాలి.